లిచెస్ స్టడీ: కోర్సు కొనేముందు ఇది చూడండి

మన చెస్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఇరిగేశి రేటింగ్ 2800 దాటినప్పటి నుంచి వరంగల్‌లో పిల్లలున్నవాళ్లు అడిగేది ఒకటే, ఏ చెస్ కోర్సు కొనాలి అని. ముందు ఏదీ కొనకండి. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో 'స్టడీ' అని ఒకటుంది, ఆటను బోర్డు మీద పెట్టుకుని ఎత్తు ఎత్తుగా చూసుకోవచ్చు, మొత్తం ఫ్రీ, యాడ్స్ కూడా రావు. మా అక్క కొడుకు, నేను దాంట్లో 1895 హేస్టింగ్స్ టోర్నీ ఆట ఒకటి పెట్టుకుని చూశాం. ఓపెనింగ్ క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్, తెల్లపావులు పిల్స్‌బరీవి, నల్లవి టారాష్‌వి.

లిచెస్‌లో పెద్ద ఆటగాళ్ల ఆటలు దాచిపెట్టే మాస్టర్స్ డేటాబేస్‌లో 1952 నుంచి ఆడిన ఆటలే ఉంటాయి కాబట్టి ఇంత పాత ఆట అక్కడ దొరకదు, పీజీఎన్ (ఆట ఎత్తులన్నీ రాసి ఉండే టెక్స్ట్) బయట వెతికి పేస్ట్ చేసుకోవాలి. రెండు నిమిషాల పని.

అసలు మజా స్టడీలో ఆటను చాప్టర్‌గా పెట్టేటప్పుడు తర్వాతి ఎత్తులు దాచే ఆప్షన్‌లో ఉంది, ఏం ఆడతారో మనమే ఊహించాలి. టారాష్ 11వ ఎత్తులో సీ బంటును సీ4కు తోసేశాడు. మావాడికి అది భలే నచ్చింది, మంత్రి వైపు బంట్లన్నీ ముందుకు పోతాయి కదా అని. నిజమే, పోతాయి. కానీ తెల్లవాళ్ల డీ4 బంటు మీద ఒత్తిడి పోయింది, పిల్స్‌బరీ తాపీగా గుర్రాన్ని ఈ5లో కూర్చోబెట్టి, ఎఫ్4తో దన్ను ఇచ్చి, రాజు మీదికి బయలుదేరాడు. అక్కడి నుంచి ఇటు వీళ్లు, అటు వాళ్లు, ఎవరు ముందు చేరతారనే టెన్షనే. 44వ ఎత్తుకు నల్లరాజు గుర్రాన్ని తిని హెచ్6 దాకా వచ్చేశాడు. మావాడు చెక్‌ల మీద చెక్‌లు వెతుకుతున్నాడు, పిల్స్‌బరీ ఏమో చెక్ ఇవ్వకుండా తన రాజును హెచ్1 మూలకు జరిపాడు, ఏనుగు జీ1కు వస్తే అడ్డం లేకుండా! ఎత్తులు దాచి ఉండకపోతే ఇది ఒక్క క్లిక్‌లో దాటిపోయేది. 52వ ఎత్తులో మేట్.

ఏ ఎత్తు మంచిదో లెక్కగట్టి చెప్పే చెస్ ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్‌ను మాత్రం ఆఫ్‌లో పెట్టండి. అది ఆన్‌లో ఉంటే పిల్లలు బోర్డు చూడరు, పక్కన పెరిగే తగ్గే అంకెలే చూస్తారు. ఆట అయ్యాక, ఇద్దరూ వాదించుకున్నాక, అప్పుడు ఆన్ చేసి ఎవరి మాట నెగ్గిందో చూసుకోండి.

బాణాలు గీయొచ్చు, ప్రతి ఎత్తుకు కామెంట్ రాసుకోవచ్చు, స్టడీని ప్రైవేట్‌గా ఉంచి కరీంనగర్‌లో ఉన్న దోస్తును కూడా పిలుచుకోవచ్చు. ఐదుకు నాలుగున్నర ఇస్తా. ఆ అర ఎందుకు తగ్గించానంటే బోర్డు, ఎత్తులు, కామెంట్లు మూడూ ఫోన్ స్క్రీన్‌లో చూడాలంటే ఇరుకు, ల్యాప్‌టాప్ ఉంటేనే హాయి.