డీజేనా, యాప్ ప్లేలిస్టా?

కొత్త పాట మన చెవిన పడే దారుల్లో ఇవి రెండు. నా ఓటు డీజేకే. అలాగని రెండోదాన్ని తీసిపారేయను.

పాటల యాప్ స్పాటిఫై 2015లో తెచ్చిన డిస్కవర్ వీక్లీ ప్లేలిస్టునే తీసుకోండి. ప్రతి సోమవారం 30 పాటలు ఇస్తుంది. మీరు విన్నవాటిని మీలాంటి అభిరుచి ఉన్నవాళ్ల ప్లేలిస్టులతో పోల్చి ఎంచుతుంది. ఒక్కరే పని చేసుకుంటూ వినడానికి హాయిగా ఉంటుంది. నచ్చకపోతే నొక్కి ముందుకెళ్లొచ్చు. కానీ ఇప్పటికే నచ్చినదాని చుట్టూనే తిప్పుతుంది.

డీజే చూసేది ఎదురుగా ఉన్న జనాన్ని. ఒక చెవికి హెడ్‌ఫోన్‌లో తర్వాతి పాట, రెండో చెవికి హాల్లో మోగుతున్న పాట. రెండింటి వేగం కలిసేదాకా, పాట వేగాన్ని మార్చే మీట పిచ్ స్లైడర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూనే, ఎవరి అడుగులు నెమ్మదించాయో గమనిస్తుంటాడు.

1970లలో న్యూయార్క్‌ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే కనిపెట్టింది ఇలాగే. డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క రాగానే జనం ఊగిపోతున్నారు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల (రికార్డు తిప్పే యంత్రాల) మీద పెట్టి, ఆ కొద్ది సెకన్ల ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పి సాగదీశాడు. హిప్‌హాప్‌కు పునాది అదే. వినేవాళ్ల ఒళ్లు చెప్పిన మాటను సంగీతంలోకి తిరిగి చేర్చడం! ఇది ఏ ప్లేలిస్టూ చేయలేదు.

రేడియోలో జనం కనిపించరు, నమ్మకమే ఆధారం. బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004 దాకా డీజే జాన్ పీల్ కొత్త బ్యాండ్లను అలా వినిపించాడు. డీజే అభిరుచి పేలవమైతే మాత్రం తప్పించుకునే మీట మన చేతిలో ఉండదు.