కోయోటీ లేక్–హార్వే బేర్ రాంచ్ పార్కు: కొండా చెరువూ బాగున్నాయి, మట్టే మన రేగడి

ఈ పార్కుకి బయల్దేరే ముందు రేపు వాన పడుతుందా అని ఫోన్లో చూడటం దండగ. పోయిన పది రోజుల్లో పడిందా, పడితే ఎంత పడింది, తర్వాత ఎండ కాసిందా అన్నవి చూసుకోండి. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ పార్కుల్లో కొండ అంచు మీద నడుస్తూ ఒక పక్క చెరువు, ఇంకో పక్క లోయ మొత్తం చూడాలంటే నేను ఇప్పటికీ దీని పేరే చెబుతాను. కాకపోతే ఏ వారంలో వెళ్తున్నారో అడిగి చెబుతాను.

నాలుగేళ్ల క్రితం రాసిన రివ్యూలో దీనికి ఐదుకి ఐదు ఇచ్చాను. అందులో కోయోటీ రిడ్జ్ ట్రెయిల్ (కొండ అంచు మీది దారి) గురించి చెప్పినదంతా నిజమే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా పచ్చగడ్డి, పాపీ పూలు, లూపిన్ పూలు, కింద నీళ్లు. "దారంతా ఓక్ చెట్ల నీడ" అన్న మాట మాత్రం సరిచేసుకోవాలి. చెరువు వైపు వాలులోనూ, రూప్ రోడ్డు వైపు మెండోజా ట్రెయిల్ మీదా నీడ దొరుకుతుంది. రిడ్జ్ మీద మైళ్లకు మైళ్లు తల దాచుకునే చోటు లేదు. జూన్ తర్వాత పొద్దున ఎనిమిదికి గేటు తీయగానే నడక మొదలుపెట్టకపోతే తిరుగు ప్రయాణం మాడిపోవడమే.

ఇక మట్టి. ఇక్కడి వాళ్లు అడోబీ అంటారు. గుంటూరు వైపు పత్తి చేలోనో, ఆదిలాబాద్ చేలోనో వానాకాలంలో నడిచిన వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: రేగడి. రంగు అంత నలుపు ఉండదు గానీ గుణం అదే. మన నల్లరేగడిలో ఉండే స్మెక్టైట్ జాతి బంకమన్నే దీన్లోనూ ఉంటుంది. నీళ్లు పొరల మధ్యకి చేరి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి ఆగస్టుకల్లా వేలు పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. తడిగా ఉన్నప్పుడు మొదటి పది అడుగుల్లో బూటు అడుగున ఒక పొర అంటుకుంటుంది. ఆ పొరకి ఇంకో పొర, దానికి గడ్డి పరకలు, చిన్న రాళ్లు. యాభై అడుగులు వేసేసరికి హైహీల్స్ వేసుకున్నట్టు మనిషి రెండంగుళాలు పొడుగైపోతాడు. జారడం కంటే ఈ బరువే ఎక్కువ అలుపు తెప్పిస్తుంది. ఎక్కేటప్పుడు పిక్కలు, దిగేటప్పుడు తుంటి పట్టేస్తాయి.

బురద ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు, బురద వారంలో ఆరిపోతుంది. అసలు గొడవ ఆవుల గిట్టల గుంటలు. ఈ కొండల మీద మేత కోసం ఆవుల్ని వదులుతారు. అందులో తప్పేం లేదు. యూరప్ నుంచి వచ్చిన గడ్డి జాతులు ఇక్కడ మోకాలెత్తు పెరిగి, ఎండి, నిప్పుకి తిండి అవుతాయి. ఆవులు మేస్తేనే ఆ గడ్డి తగ్గి అడుగున ఉన్న పూల మొక్కలకి వెలుతురు తగులుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఈ ట్రెయిల్స్‌లో చాలావరకు ఒకప్పటి రాంచ్ దారులే. వాలు తక్కువగా, గేటు నుంచి గేటుకి, నీళ్ల తొట్టి దాకా సాగుతాయి. ఆవు కూడా మనలాగే సులువైన దారి వెతుక్కుంటుంది. అయిదారు వందల కిలోల జంతువు, బరువంతా అరచేయంత గిట్టల మీద. మట్టి మెత్తగా ఉన్నప్పుడు గిట్ట నాలుగంగుళాలు దిగుతుంది, చుట్టూ గట్టులాగా మన్ను పైకి తన్నుకొస్తుంది. తర్వాత మూడు నాలుగు రోజులు ఎండా గాలీ తగిలితే ఆ గట్టు ఇటుకే. మార్చి నెలాఖర్లో పడిన గుంట నవంబరు వానల దాకా అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే మధ్యలో దాన్ని కరిగించే వానే ఉండదు. దారి మధ్యలో జనం అడుగులకీ సైకిల్ చక్రాలకీ కొంత అణుగుతుంది, అంచులు అణగవు.

ఈ గుంటలు బురదకంటే ప్రమాదం. బురద కనిపిస్తుంది, మనమే జాగ్రత్తపడతాం. ఎండిన గుంట మీద ఏప్రిల్లో గడ్డి వాలిపోయి కప్పేస్తుంది. పాదం సగం గట్టు మీద, సగం గుంటలో పడితే చీలమండ బయటికి మడతపడుతుంది. అదీ దిగేటప్పుడే, మాటల్లో ఉన్నప్పుడే. రిడ్జ్ మీద పొద్దున తొమ్మిదింటి ఏటవాలు ఎండలో ప్రతి గుంటలోనూ నీడ ఉంటుంది, దారి అప్పడంలా బుడగలు బుడగలుగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నానికి ఆ నీడలు కుదించుకుపోయి అంతా ఒకే గడ్డిరంగులో చదునుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మధ్యాహ్నం దిగేవాళ్లు అడుగు చిన్నది చేసి, పాదం చదునుగా వేసి, దారి నడిమధ్యలోనే నడవండి. బురద తప్పించుకోవడానికి పక్క గడ్డిలోకి దిగితే దారి వెడల్పవుతుంది, మళ్లీ ఏడాది ఆవులకి అదీ దారే.

వెళ్లాలో వద్దో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సివిల్ ఇంజనీర్లు ల్యాబులో చేసేదే. దారి మీద రెండంగుళాల లోతు నుంచి చిటికెడు మట్టి తీసి అరచేతిలో జంతికలా పామండి. మూడు మిల్లీమీటర్ల సన్నం దాకా తెగకుండా సాగిందంటే మట్టి ఇంకా ముద్దగా ఉన్నట్టే, బూటుకి పడుతుంది, గుంట పడుతుంది. వెనక్కి తిరగండి. ఆ సన్నానికి రాకముందే పొడిపొడిగా తెగిపోతే నడవొచ్చు. పైపొర చూసి మోసపోకండి. పైన అరంగుళం బెరడు కట్టి, కింద హల్వాలాగా ఉండటం ఇక్కడ మామూలే. తడి మరీ ఎక్కువైనప్పుడు సైకిళ్లకీ గుర్రాలకీ ట్రెయిల్స్ మూస్తారు. అలాంటి బోర్డు కనిపిస్తే నడిచేవాళ్లం కూడా దాన్ని మనకే పెట్టినట్టు అనుకోవడం మేలు.

ఆరే వరస కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. రిడ్జ్ మీద గాలికి ముందు ఆరుతుంది. శాన్ మార్టిన్ ఊరి వైపు నుంచి ఎక్కే హార్వే బేర్ ట్రెయిల్ పడమటి ఎండకి ఎదురుగా ఉంటుంది కాబట్టి గట్టి వాన పడ్డాక కూడా నాలుగైదు రోజుల మంచి ఎండ చాలు, ఒక్క గేట్ల దగ్గర తప్ప. గేటు దగ్గర ఆవులన్నీ గుమిగూడతాయి, అక్కడ పది గజాలు ఎప్పుడూ అడుసే. చెరువు వైపు దిగే కలవరాస్ ట్రెయిల్ చెట్ల నీడలో ఉంటుంది, దానికి పది రోజులు వదిలేయండి. ఇవేవీ కుదరని రోజున శాన్ మార్టిన్ అవెన్యూ గేటు దగ్గర మార్టిన్ మర్ఫీ ట్రెయిల్ ఉంది. చదునుగా పరిచిన దారి, స్ట్రోలర్ తోయొచ్చు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో పొద్దుటి నడకకి సరిపోతుంది. చెరువు మాత్రం అక్కడి నుంచి కనిపించదు, ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

బూట్ల విషయానికొస్తే, అడుగున పళ్లు దగ్గరదగ్గరగా సన్నగా ఉన్న హైకింగ్ బూట్లే ఈ మట్టిని ఎక్కువ పట్టుకుంటాయి, ధరతో సంబంధం లేదు. పళ్లు ఎడంగా, నాలుగైదు మిల్లీమీటర్ల లోతు ఉన్న ట్రెయిల్ రన్నింగ్ బూట్లయితే కాలు విదిలిస్తే కొంత రాలుతుంది. ఎండాకాలం గుంటలకి మళ్లీ చీలమండ పైదాకా వచ్చే బూట్లే నయం. రెండు కాలాలకీ ఒక జత అంటే కష్టం. ట్రెక్కింగ్ పోల్స్ ఉంటే వాటి కింద ఉండే ప్లాస్టిక్ చక్రాలు తీసేయండి, లేకపోతే ఒక్కోదానికి ఒక్కో బురద లడ్డూ వేలాడుతుంది. గోకడానికి క్రెడిట్ కార్డులూ పుల్లలూ పనికిరావు, విరుగుతాయి. కారు డిక్కీలో ఒక పాత అట్లకాడ పడేసుకోండి. ఇంటికొచ్చాక తడి మట్టిని సింకులో కడిగితే పైపు పూడుకుపోతుంది. ఆరనిచ్చి, రెండు బూట్లూ ఒకదానికొకటి కొట్టండి, పెచ్చులుగా ఊడిపోతుంది.

ఆవుల గురించి భయపడే వాళ్లకి రెండు మాటలు. ఇవి మాంసం కోసం పెంచే జాతులు, మన ఇంటి ఆవులా చెయ్యి చాచితే నాకవు. దూరం నుంచే మాట్లాడుతూ నడిస్తే లేచి పక్కకి తప్పుకుంటాయి. తల్లికీ దూడకీ మధ్యలోంచి మాత్రం దూరకండి. కుక్క ఉంటే తాడు పొట్టిగా పట్టుకుని, అవసరమైతే పెద్ద చుట్టు తిరగండి. గేటు ఎలా ఉంటే అలాగే వేసి వెళ్లాలి. గొళ్లెం పడిన చప్పుడు వినకుండా కదలొద్దు.

కలవరాస్ ట్రెయిల్ సన్నటి చోట్ల పాయిజన్ ఓక్ దారి మీదికి వంగి ఉంటుంది. మూడాకుల గుత్తి. చలికాలం ఆకులు రాలినా కొమ్మల్లో దురద నూనె ఉంటుంది, పుల్లే కదా అని చేత్తో తప్పించకండి. తగిలిందనిపిస్తే వీలైనంత తొందరగా గిన్నెల సబ్బుతో రుద్ది చన్నీళ్లతో కడగాలి. మే నుంచి ఫాక్స్‌టెయిల్ గడ్డి గింజలు మేజోళ్లలోకి దిగుతాయి. అవి వెనక్కి రావు, లోపలికే పోతాయి. అల్లిక సన్నగా ఉన్న మేజోళ్లు కొంత నయం.

చెరువు గురించి కూడా ఒక మాట. 1936లో కట్టిన ఆనకట్ట, కలవరాస్ భూకంప చీలిక దీని అడుగునుంచే పోతుంది. 1979 ఆగస్టులో వచ్చిన 5.7 తీవ్రత భూకంపానికి ఈ చెరువు పేరే పెట్టారు. 1984 ఏప్రిల్లో మోర్గన్ హిల్ భూకంపం, 6.2, అదే చీలిక మీద. అందుకే నీళ్లు పూర్తిగా నింపనివ్వరు. దిగువన ఉన్న ఆండర్సన్ రిజర్వాయర్‌నైతే 2020లో భూకంప భద్రత కోసమే ఖాళీ చేయించారు. ఫొటోల్లో చూసిన నిండు చెరువు మీకు దొరక్కపోవచ్చు. వేసవి చివరికి ఒడ్డు చుట్టూ బోసి మట్టి పట్టీ తేలుతుంది. రిడ్జ్ పైనుంచి మాత్రం నీళ్లు అంత సన్నగా, అంత తిన్నగా ఎందుకున్నాయో తెలుస్తుంది, చీలిక గీసిన గీత వెంటే లోయ పడింది. తెలిశాక అక్కడ కూర్చుని చూడటం వేరుగా ఉంటుంది.

ఇప్పుడు నా లెక్క ఐదుకి మూడున్నర. శాన్ హోసె దక్షిణం కొసన ఉండేవాణ్ణి కాబట్టి, మట్టి చేతిలో జంతికలా సాగిన రోజు కారు తిప్పుకుని వచ్చేసినా పోయేది కాస్త పెట్రోలు. ఫ్రీమాంట్ నుంచి పిల్లల్ని లేపి, పులిహోర కట్టుకుని గంట ప్రయాణం చేసి వచ్చేవాళ్లకి జనవరి, ఫిబ్రవరి వానల మధ్య ఈ పార్కు చెప్పలేను. మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు, చీలమండ ఒకసారి బెణికినవాళ్లు మేలో కూడా హార్వే బేర్ ట్రెయిల్ ఎక్కి అదే దారిన దిగండి, కలవరాస్ వైపు చుట్టు పెట్టుకోకండి. మిగతావాళ్లకి ఆఖరి వాన పడ్డ రెండు వారాలకి, గడ్డి పసుపు తిరగక ముందు, ఒక పది పదిహేను రోజులు దొరుకుతాయి. ఏటా ఆ తేదీలు మారతాయి. పోయిన ఏడాది ఏప్రిల్ రెండో వారం అనుకుని వెళ్తే, అట్లకాడ తీయాల్సి వచ్చింది.