మావయ్యగారికి డిమెన్షియా: కోనసీమలో ఒక ట్రస్టు సెంటర్‌తో నాలుగేళ్ళ అనుభవం

ముందే చెప్పేస్తున్నాను, ఈ సెంటర్లో డిమెన్షియా, అంటే మతిమరుపు ముదిరే జబ్బు, నయం చెయ్యరు. చేస్తామని వాళ్ళు కూడా ఏనాడూ అనలేదు. ఇంట్లో ఒకరికి మతి తప్పుతున్నా ఇల్లు ఎలా నడుపుకోవాలో నేర్పిస్తారు, పగటిపూట మనిషిని చూసుకుంటారు. నాలుగేళ్ళుగా మావయ్యగారిని పంపుతున్నది అందుకే. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు కావాలనే రాయడం లేదు. లాభాలకి నడిపేది కాదు, కింద డే కేర్, పైన పరిశోధన.

మావయ్యగారు ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువ తూములు చూసుకునే ఉద్యోగం, చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలువ గట్టు మీదే. జబ్బు వచ్చాక మనవల పేర్లు పోయాయి, డబ్బు లెక్క పోయింది, తూము మాత్రం బుర్రలోంచి పోలేదు. అర్ధరాత్రి లేచి, చెప్పులేసుకుని, "నీళ్ళు పొర్లిపోతాయి, తూము దించాలి" అంటూ బయల్దేరేవారు. మా ఇంటికీ కాలువకీ మధ్య రోడ్డే అడ్డం, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో డెల్టాలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. "మీరు రిటైరయ్యారు కదండీ" అంటే ఇంకా కోపం, తోపులాట.

సెంటర్లో చేరిన కొత్తలో అక్కడా మధ్యాహ్నం పూట అదే గొడవ మొదలైంది. నేను పక్కనే ఉన్నాను. అక్కడ పనిచేసే కుర్రాడు, రైతుల ఇంటి పిల్లాడే, పక్కన కూర్చుని "లస్కరుగారూ, ఈ వారం వంతు మనది కాదు కదండీ, పైవాళ్ళది. మనకి ఎల్లుండి" అన్నాడు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలనప్పుడు వంతులవారీగా వదులుతారు కదా, ఆ లెక్క అన్నమాట. మావయ్యగారు కాసేపు ఆలోచించి, "ఔనౌను, పైవాళ్ళదే" అని కండువా భుజాన వేసుకుని కూర్చున్నారు. ఆ రాత్రి నుంచి ఇంట్లో నేనూ అదే మాట. అన్నిసార్లూ పనిచెయ్యదు కానీ చాలాసార్లు పనిచేస్తుంది. కన్నతండ్రికి అబద్ధం చెప్పడమేంటని మా వారు కొన్నాళ్ళు మొహం ముడుచుకున్నారు. రాత్రిళ్ళు లేచి పట్టుకొచ్చేది ఎవరో చూసుకుని మాట్లాడమన్నాను. దానితో పాటు సెంటర్‌వాళ్ళు చెప్పి గొళ్ళెం కంటికి ఆనకుండా తలుపు పైకి మార్పించారు, గేటుకి గంట కట్టించారు, చొక్కా జేబులో ఫోన్ నంబరు కుట్టించారు.

పరీక్షల దగ్గర వాళ్ళకి మంచి మార్కులు వెయ్యాలి. అంతకుముందు చూపించిన చోట "వయసు మీద పడింది, అంతే" అని బలం గోళీలు రాసి పంపేశారు. ఇక్కడ ముందు బి12, థైరాయిడ్ చూశారు, ఎందుకంటే అవి తగ్గినా మతిమరుపు వస్తుంది, దానికి మందు ఉంది. మావయ్యగారికి అవి బాగానే ఉన్నాయి. స్కాన్‌లో మాత్రం బీపీ వల్ల మెదడులో చిన్న చిన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి, డిమెన్షియాలోనే ఇంకో రకమైన అల్జీమర్స్ కూడా కలిసి ఉండొచ్చన్నారు. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే పెట్టారు, ఎంతవరకు చదువుకున్నారో అడిగి దాన్నిబట్టి మార్కులు చూశారు. నెల ఏమిటంటే మావయ్యగారు "మాఘం" అన్నారు, పరీక్ష పెట్టే అమ్మాయి గోడమీది క్యాలెండర్ చూసుకుని ఒప్పు వేసుకుంది. పెన్సిలిచ్చి గడియారం బొమ్మ వెయ్యమంటే మాత్రం, ఆయన ఎప్పుడు వేశారని, చాలాసేపు కాగితం వంక చూసి వెనక్కి ఇచ్చేశారు.

డొనెపెజిల్ అనే మతిమరుపు మందు మొదలుపెట్టాక పీడకలలు వచ్చాయి, పొద్దున్న పూటకి మార్చగానే తగ్గాయి. దానివల్ల గుండె కొట్టుకోవడం నెమ్మదించే అవకాశం ఉందని ఈసీజీ తీశాకే ఇచ్చారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కొడుకు 2023లో అక్కడ అనుమతి వచ్చిన లెకానెమాబ్ అనే ఇంజెక్షన్ గురించి ఒకటే ఫోన్లు. డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు: అది అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్ళకే, జబ్బు వేగం కొంత తగ్గిస్తుందే గానీ పోయింది తిరిగి రాదు, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యమధ్య స్కాన్‌లు తియ్యాలి, మావయ్యగారి పరిస్థితికి పనికిరాదు. డబ్బులు లాగే చోటైతే ఈ మాట చెప్పేవారా అని నాకు అనుమానమే.

ఇంకోటి, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. ఒకసారి రెండు రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోయారు, మగతగా పడుకోవడం, లేస్తే ఎవరితోనో మాట్లాడటం. జబ్బు ముదిరింది, ఇక అంతే అని బంధువులు తేల్చేశారు. సెంటర్ నర్సు ఫోన్లోనే "డిమెన్షియా ఇంత తొందరగా ముదరదమ్మా, ముందు యూరిన్ టెస్ట్ చేయించండి" అంది. ఇన్ఫెక్షనే. యాంటీబయాటిక్స్ పడ్డాక వారం తిరక్కుండా మామూలు మనిషయ్యారు, అంటే ఆయన మామూలుకి.

పరిశోధన అనగానే మా ఆడపడుచు హడలిపోయింది, ఏవో మందులు ఎక్కించి చూస్తారేమోనని. అదేం లేదు. ఏడాదికోసారి రక్తం, జ్ఞాపకశక్తి పరీక్ష, కుటుంబానికి కొన్ని ప్రశ్నలు. తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకున్నారు, వద్దంటే డే కేర్ ఆగదని కూడా అందులోనే ఉంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బుందని 2023లో వచ్చిన లెక్క వాళ్ళ దగ్గరే విన్నాను. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలిందట, చదువురానివాళ్ళలో కూడా.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి. చూసుకునేవాళ్ళని అడగడానికి 22 ప్రశ్నల పత్రం ఒకటుంది. మీ ఆరోగ్యం దెబ్బతింటోందా, ఎప్పుడైనా ఇది ఇంకెవరికైనా అప్పగించేస్తే బాగుండుననిపించిందా అని అడుగుతారు. మావయ్యగారు భోంచేసిన సంగతి మర్చిపోయి, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ "మా కోడలు అన్నం పెట్టట్లేదండి" అని చెప్పే రోజులవి. ఊరంతా ఆయన తిన్నారా లేదా అని అడిగినవాళ్ళే. నా సంగతి అడిగింది ఆ కాగితం ఒక్కటే, అడిగే అమ్మాయి ముందు ఏడ్చేశాను.

ఇక లోపాలు. వ్యాన్ టైముకి రాదు, వానాకాలంలో అసలు వస్తుందో రాదో తెలీదు, ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నామండి" అంటారు, ఆ వచ్చెయ్యడం గంట. డ్రైవర్లు మారిపోతుంటారు, ఈ జబ్బున్నవాళ్ళు కొత్త మొహం కనిపిస్తే వ్యాన్ ఎక్కరు, ఆ మాత్రం ఆలోచించరా అనిపిస్తుంది. బాత్రూముల్లో నేల తడి, ఒకావిడ జారి పడ్డాకే పట్టుకునే కడ్డీలు పెట్టారు. మగవాళ్ళకి పని కల్పించడంలో వీక్. ఆడవాళ్ళు కొబ్బరాకుల నుంచి ఈనెలు చీరి చీపుర్లు కడుతూ కబుర్లు చెప్పుకుంటారు, వాళ్ళ చేతులు మర్చిపోలేదు, చూస్తే ముచ్చటేస్తుంది. మగవాళ్ళని టీవీ ముందు కూర్చోబెట్టేస్తారు. నేను గొడవపడ్డాక మావయ్యగారికి మొక్కలకి నీళ్ళు పెట్టే పని ఇచ్చారు. అన్నిటికన్నా పెద్ద లోటు, రాత్రిపూట ఉంచుకోరు. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి మేమిద్దరం కలిసి వెళ్ళలేకపోయాం, మా వారు ఇంట్లో ఉండిపోయారు. మంచాన పడినవాళ్ళని కూడా తీసుకోరు, ఆ రోజు వస్తే ఏంటన్నది మాకింకా తేలలేదు.

ఫీజు మా స్థోమతకి తగ్గట్టే తీసుకుంటున్నారు, రేషన్ కార్డు చూపిస్తే ఇంకా తగ్గిస్తారు. భోజనం బావుంటుంది, ఉప్పు తక్కువ.

కొత్తగా వెళ్ళేవాళ్ళు పాత మందుల చీటీలు, స్కాన్ ఫిల్ములు, కళ్ళజోడు, చెవి మిషన్ ఉంటే అదీ తీసుకెళ్ళండి, మార్చడానికి రెండు జతల బట్టలు కూడా. రాత్రి మనిషి ఏం చేస్తున్నారో, ఎన్నిసార్లు లేస్తున్నారో కాగితం మీద రాసుకెళ్తే డాక్టరుకి పని తేలిక. దగ్గర్లో ఇలాంటి సెంటర్ లేనివాళ్ళు పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసి అడగండి, డబ్బులు పడవు. శనివారం వెళ్ళకండి, డాక్టరు ఉండరు, కొత్తవాళ్ళని చూడరు.