బైరాగిపట్టెడ చెస్ క్లాస్: ఆర్నెల్లు పంపాక రాస్తున్నా

మా పాప ఏడో తరగతి. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక సార్ తన ఇంటి మేడమీద నడిపే చెస్ క్లాసుకు ఆర్నెల్లుగా పంపిస్తున్నాం. వారానికి మూడు సాయంత్రాలు, నెలకు 1500. బయట బోర్డు కూడా ఉండదు, ఆ వీధిలోకి వెళ్లి చెస్ సార్ ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

ఇంతకుముందు ఇంకోచోట చేర్పించాం. అక్కడ ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, బట్టీ పట్టించేవాళ్లు, ఎనిమిది ఎత్తులు దాటితే పిల్లకు ఏం ఆడాలో తోచేది కాదు. ఈ సార్ నెలకొకరిని తీసుకుని వాళ్ల ఆటలు, వాళ్ల కథ రెండూ చెప్తారు. పోయిన నెలంతా చైనా అమ్మాయి హౌ యిఫాన్.

మా పాప మొదట్లో మొహం మాడ్చుకుంది, ఎందుకంటే తనకు చెస్ ఆడే మన కోనేరు హంపి అంటే ప్రాణం. గుడివాడలో పుట్టిన మన హంపి 2002లో 15 ఏళ్లకే చెస్‌లో పెద్ద బిరుదైన గ్రాండ్‌మాస్టర్ అయి ఆడవాళ్లలో అతి చిన్న వయసు రికార్డు పెడితే, 2008లో పద్నాలుగున్నరేళ్లకే దాన్ని దాటేసింది ఈ అమ్మాయే. 2010లో 16 ఏళ్లకు మహిళల ప్రపంచ ఛాంపియన్ అయింది, మరుసటి ఏడాది అల్బేనియాలోని టిరానాలో హంపి ఎదురుగా కూర్చుంటే 8 గేముల్లో 3 గెలిచి 5 డ్రా చేసి కిరీటం నిలబెట్టుకుంది. "ఆమె ఆటలు నాకొద్దు సార్" అని చెప్పేసిందంట మా పాప. సార్ కోప్పడకుండా ఆ మ్యాచ్‌లోని ఒక గేమ్ బోర్డు మీద పెట్టి, "నువ్వు హంపి వైపు కూర్చోమ్మా, ఎక్కడ తప్పిందో నువ్వే వెతుకు" అన్నారంట. ఆరోజు ఎనిమిదిన్నరకు గానీ మేడ దిగి రాలేదు, నేను కింద బండి మీద కూర్చునే ఉన్నా.

ఒకరోజు నేను కూడా పైన కూర్చున్నా. 2017 జిబ్రాల్టర్ టోర్నమెంట్‌లోని ఒక గేమ్ చూపించారు, ఎదుటి ఆటగాడు మన విజయవాడ లలిత్ బాబు. హౌ యిఫాన్ తెల్లపావులతో మొదటి రెండు ఎత్తుల్లోనే రాజు పక్క బంటులు తోసేసింది, మూడో ఎత్తుకు నల్లరాణి వచ్చి చెక్ చెప్పింది, అప్పటికే ఇంకో బంటు జరిపి రాజుకు ఒక గడి ఖాళీ చేసుకుంది కాబట్టి మేట్ తప్పింది. ఐదు ఎత్తులకు ఓటమి ఒప్పుకుని లేచిపోయింది. పిల్లలంతా నవ్వారు. సార్ నవ్వలేదు, పది రౌండ్లలో ఏడుసార్లు ఆమెకు ఎదురుగా ఆడవాళ్లనే జత వేశారని, అందుకే నిరసనగా అట్లా ఆడిందని చెప్పారు. జతలు కుదిర్చింది సాఫ్ట్‌వేరేనని నిర్వాహకులు అన్న మాట కూడా చెప్పి, "మీరేమంటారు?" అని వదిలేశారు. అరగంట వాదించుకున్నారు పిల్లలు. నాకు ఈ క్లాసులో అన్నిటికంటే నచ్చింది అదే. ఇక్కడ మగపిల్లలు, ఆడపిల్లలు అని వేరు బోర్డులు ఉండవు, ఎవరి బలాన్ని బట్టి వాళ్లకు జోడీ. పోయినేడు ఒక టోర్నమెంట్‌లో ఆడపిల్లలందర్నీ హాలు చివర బాత్రూముల పక్కన కూర్చోబెట్టారు, ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మా అమ్మకు మాత్రం చదువు పాడైపోతుందని టెన్షన్. ఇక్కడ ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటారు కదా. హౌ యిఫాన్ 2012లో కిరీటం పోగొట్టుకుంది, 2013లో తిరిగి గెలిచింది, 2016లో మళ్లీ గెలిచింది, ఆ తర్వాత నాకౌట్ పద్ధతి నచ్చక తనే ఆ పోటీ నుంచి తప్పుకుంది. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, 26 ఏళ్లకు షెన్‌జెన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయింది. పాప ఇదంతా చెప్తే అమ్మ శ్రద్ధగా విని, "అయితే రెండూ చేయొచ్చన్నమాట" అంది. ఆటకు మాత్రం అది నష్టమే అని నాకనిపిస్తుంది, ఆట బలాన్ని కొలిచే రేటింగ్‌లో 2686 దాకా వెళ్లిన మనిషి ఇంకొన్నేళ్లు పూర్తిగా ఆడుంటే చూడాలని ఉండేది.

ఇక ఇబ్బందులు. మేడమీద రేకుల షెడ్డు, ఎండాకాలం ఒక ఫ్యాన్ సరిపోదు. పద్నాలుగు మందికి నాలుగే చెస్ గడియారాలు, మేం సొంతది కొనిచ్చాం. కారు పట్టే వీధి కాదు. ఏడేళ్లలోపు పిల్లల్ని చేర్చొద్దు, సార్ మాట వాళ్లకు ఎక్కదు. ఆదివారం పొద్దున పది గంటలకు వెళ్తే డబ్బులు తీసుకోకుండా ఒక క్లాసు చూడనిస్తారు.