నైవాషాలో రెండు రాత్రులు: పడవ కన్నా సైకిలే నయం

నైరోబీలో ఉంటున్న మా తమ్ముడిని ఈ సెలవులకు ఎక్కడికి వెళ్దామని అడిగితే, సింహాలను చూడాలంటే మసాయి మారాకూ, కాళ్లకు పని చెప్పాలంటే నైవాషాకూ వెళ్లాలని తేల్చి చెప్పాడు. జీపు కిటికీలోంచి అడవిని చూడటం అప్పటికే విసుగనిపించి రెండోదే ఎంచుకున్నాము. నైరోబీకి వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరాన, రిఫ్ట్ లోయలో, సముద్రమట్టానికి దాదాపు 1,880 మీటర్ల ఎత్తున ఉన్న మంచినీటి సరస్సు ఇది. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్నా, తెల్లవారుజామున స్వెట్టర్ లేనిదే బయట నిలవలేకపోయాము.

మొదటి సాయంత్రం పడవ ఎక్కాము. ధర మనిషికా, పడవకా, గంటకా అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవను ఎంత చవకైనా వదిలేయాలి. కొన్నేళ్లుగా సరస్సు పెరిగి ఒడ్డును ముంచేయడంతో, ఎండిపోయిన తుమ్మచెట్ల మోళ్ల మధ్య నుంచి పడవ సాగుతుంది. మన గోదావరి కాలువల్లో కనిపించే గుర్రపుడెక్కే అక్కడా దట్టంగా పరుచుకుని మోటారుకు అడ్డుపడింది. నీటిగుర్రాల గుంపును తగినంత దూరం నుంచే చూపించిన మా పడవ నడిపే అతన్ని మెచ్చుకోవాలి. చేపగద్ద ముచ్చట మాత్రం నాకు రుచించలేదు. తెచ్చుకున్న చేప నీటిలో తేలేలా అందులో జమ్ము ముక్క గుచ్చి, ఈల వేసి విసిరితే గద్ద వచ్చి ఎత్తుకుపోతుంది. ఫొటో బాగా వస్తుంది గాని, అది వేట కాదు, వడ్డన.

సరస్సులో మునిగిన అగ్నిపర్వత బిలపు అంచే క్రెసెంట్ ఐలాండ్. పడవ ఖర్చు, ప్రవేశ రుసుము వేర్వేరు కాబట్టి మొత్తం కాస్త ఎక్కువే అవుతుంది. అయినా జిరాఫీలకూ జీబ్రాలకూ కొద్ది దూరంలో, మధ్యలో ఏ వాహనమూ లేకుండా నడిచిన ఆ రెండు గంటలకు నేను వెచ్చించినది ఎక్కువనిపించలేదు.

ఈ యాత్రలో మనసుకు పట్టింది హెల్స్ గేట్ జాతీయ పార్కు. 1984లో ఏర్పడిన ఈ 68 చదరపు కిలోమీటర్ల పార్కులో సైకిలు తొక్కనిస్తారు, నడవనిస్తారు. కెన్యాలో ఇలాంటి పార్కులు అరుదు. ఎర్రటి రాతిగోడల మధ్య మట్టిదారిలో తొక్కుతుంటే ఒకవైపు అడవిపందులు తోకలు నిగిడ్చి పరుగెత్తాయి, మరోవైపు అడవిదున్నలు కదలకుండా మమ్మల్నే చూశాయి. అలాంటప్పుడు ఆగి, అవి దారి ఇచ్చేదాకా ఓపిక పట్టడమే పద్ధతి. రోడ్డు పక్కన అద్దెకు తీసుకున్న నా సైకిలుకు ముందు బ్రేకు పనిచేయడం లేదన్న సంగతి పల్లంలోకి దిగేటప్పుడు గాని తెలియలేదు. డబ్బు ఇవ్వకముందే బ్రేకులు, చైను, గాలి చూసుకోని తప్పు నాది కూడా. పార్కు రుసుము నగదుగా తీసుకోరు, ఆన్‌లైన్‌లోనే చెల్లించాలి.

చివర ఓల్ న్జోరోవా ఇరుకులోయలోకి స్థానిక గైడుతో దిగాము. రాతి సందుల్లోంచి వేడినీళ్లు కారుతుంటాయి. ఇదే నేల వేడితో పక్కనే ఓల్కారియాలో 1981 నుంచి కరెంటు తీస్తున్నారు. ఎగువన ఎక్కడో వాన పడితే ఈ లోయ క్షణాల్లో నిండిపోతుంది. 2012లోనూ 2019లోనూ ఇక్కడ సందర్శకులు వరదలో కొట్టుకుపోయి చనిపోయారు. అందుకే మబ్బు పట్టిన రోజున గైడు వద్దంటే బతిమాలకూడదు.

బసకు దక్షిణపు ఒడ్డు రోడ్డే అనుకూలం, పార్కుకు సైకిలు మీదే వెళ్లవచ్చు. మేము ఒక రాత్రి గుడారంలో, ఒక రాత్రి కాటేజీలో ఉన్నాము. గుడారం చవకే గాని, వారాంతం కావడంతో పక్కన పాటలు అర్ధరాత్రి దాటినా ఆగలేదు. నీటిగుర్రాలు రాత్రిపూట మేతకు ఒడ్డెక్కుతాయి కనుక, కరెంటు కంచె ఉందో లేదో అడగకుండా ఎక్కడా దిగవద్దు. శాకాహారులకు చపాతీ, చిక్కుడు గింజల కూర, సుకుమా వికీ అనే ఆకుకూర దాదాపు అంతటా దొరుకుతాయి.

మూడో రోజు 2,776 మీటర్ల లాంగొనాట్ అగ్నిపర్వతం ఎక్కి, బిలం అంచు దాకా చేరాము. అంచు చుట్టూ తిరిగే ఏడు కిలోమీటర్ల బాటలో పావు వంతు నడిచేసరికి మనిషికి లీటరు చొప్పున తెచ్చుకున్న నీళ్లు అయిపోవడంతో వెనుదిరిగాము.