మా పాత సీ-10కి పవర్ స్టీరింగ్: ఎనిమిదేళ్ల తర్వాత

మా 1978 షెవ్రొలే సీ-10 పికప్‌కు నేనే పవర్ స్టీరింగ్ అమర్చుకుని ఈ వేసవికి ఎనిమిదేళ్లు. అప్పటి నుంచి సుమారు 40,000 మైళ్లు తిరిగింది. టెక్సస్‌లో మా పెరటి తోటకు ఎరువు, మిత్రుల ఇళ్లకు మంచాలు, బతుకమ్మ పండుగకు వేదిక సామాను, అన్నీ దీని మీదే మోశాను. అమర్చుకున్నందుకు ఏనాడూ విచారించలేదు. కాకపోతే మొదటి ఏడాదిన్నర తిట్టుకుంటూ నడిపాను. ఆ తిట్లలో సగం నాకే చెందాలి.

దీనిది 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, ఒంటి బ్యారెల్ రోచెస్టర్ కార్బ్యురేటర్ (పెట్రోలులో గాలి కలిపి ఇంజిన్‌కు పంపేది). పాత స్టీరింగ్ బాక్సు నిష్పత్తి 24:1, అంటే స్టీరింగ్ 24 డిగ్రీలు తిప్పితే కింద చక్రాలను తిప్పే పిట్‌మన్ ఆర్మ్ అనే కడ్డీ కదిలేది ఒక్క డిగ్రీ. బలం తక్కువ పట్టాలని కంపెనీ అలా చేసింది. దానికి తోడు నాకు అమ్మినాయన వెడల్పాటి టైర్లు వేయించి ఉన్నాడు. దుకాణం ముందు బండి పెట్టాలంటే గిలక లేని బావిలో నీళ్లు తోడినట్టుండేది. కుడి భుజం నొప్పి మొదలయ్యాక ఇక పంతం మానుకున్నాను.

కొత్తగా పెట్టింది 17.5:1 బాక్సు. ఛాసిస్‌కు ఉన్న రంధ్రాల్లోనే కూర్చుంది. పిట్‌మన్ ఆర్మ్ మాత్రం పాతది పనికిరాదు, షాఫ్టు లావు వేరు. పవర్ బాక్సు పొడవు ఎక్కువ కాబట్టి స్టీరింగ్‌ను బాక్సుకు కలిపే మధ్య షాఫ్టు పొట్టిది కావాలి. బాక్సుకు ఒత్తిడితో నూనె పంపే పంపుకు బ్రాకెట్టు, దాని బెల్టు కోసం ఇంజిన్ క్రాంక్ పుల్లీకి అదనపు గాడి తప్పవు. ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు సరిపడే బ్రాకెట్టు కోసం పాత బండ్ల యార్డుల చుట్టూ మూడు వారాలు తిరిగాను. వీ-8వి కుప్పలుగా దొరుకుతాయి, ఇది దొరకదు. అన్నీ కలిపి 600 డాలర్ల దాకా అయింది.

పంపు నుంచి బాక్సుకు నూనె తెచ్చే గొట్టాల దగ్గర మోసపోయాను. ఈ రకం బాక్సులకు 1980 ప్రాంతం నుంచి మెట్రిక్ మరలు, ఓ-రింగు (రబ్బరు వలయం) బిగింపు వచ్చాయి. అంతకు ముందువి అంగుళాల మరల ఫ్లేర్ రకం (గొట్టం కొసను వెడల్పు చేసి బిగించేది). నాకు వచ్చిన బాక్సు తర్వాతి కాలానిది, కొన్న గొట్టం ముందు కాలానిది. నాలుగు చుట్లు బాగానే ఎక్కి ఐదో చుట్టుకు బిగుసుకుంది. బలవంతం చేయకుండా ఆపాను, ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఒక కొస ఫ్లేర్, ఒక కొస ఓ-రింగు ఉన్న గొట్టాలు దొరుకుతాయి. మీరు బాక్సు చేతికి వచ్చాకే గొట్టం కొనండి.

తర్వాత కార్బ్యురేటర్ అలిగింది. నిలబెట్టిన బండిలో స్టీరింగ్ చివరికంటా తిప్పితే పంపు బరువుకు ఇంజిన్ గొణిగి ఆగిపోయేది. ఇంజెక్షన్ బండ్లలో కంప్యూటర్ కాస్త గాలి పెంచి కాపాడుతుంది. కార్బ్యురేటర్‌కు ఆ సంగతి చెప్పేవారెవరు? ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) పెంచాను. దాంతో తాళం తీసేసినా ఇంజిన్ కొన్ని క్షణాలు టపటపమంటూ కొట్టుకోవడం మొదలైంది. దాన్ని ఆపాల్సిన ఐడిల్ సొలినాయిడ్ అనే విద్యుత్ పరికరం ఎప్పుడో చచ్చిపోయిందని అప్పుడు తెలిసింది. అది మార్చాక రెండు బాధలూ తీరాయి.

అసలు తలనొప్పి హైవే మీద. అరవై మైళ్ల వేగం దాటితే బండి తాగినవాడిలా అటూ ఇటూ పోయేది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. బాక్సు వదులుగా ఉందనుకుని పైనున్న సర్దుబాటు మరను బిగించాను. ఇంకా చెడింది, మధ్యలో పట్టేయసాగింది. మళ్లీ వదులు చేశాను. బాల్ జాయింట్లు (ముందు చక్రాల కీళ్లు) మార్చాను. ఫలితం లేదు. చివరికి చక్రాల అలైన్‌మెంట్ చేసే ఒక పెద్దాయన కొలతల కాగితం చూసి, “క్యాస్టర్ ఇంకా మాన్యువల్ బండిదే ఉంది కదా” అన్నారు. చేతి బలంతో తిప్పే స్టీరింగ్ తేలికగా ఉండాలని క్యాస్టర్ కోణం (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తక్కువగా పెడతారట. ఆ కోణమే చక్రాలను తిన్నగా ఉంచేది. ఇప్పుడు బరువు పంపు మోస్తుంది కాబట్టి కోణం పెంచుకోవచ్చు. చక్రాన్ని పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్ దగ్గరి షిమ్‌లు (పలుచని రేకు బిళ్లలు) సర్ది గంటలో పని ముగించారు. తిరుగు ప్రయాణంలో ఒక చేత్తో నడిపాను. ఏడాదిన్నర నేను అనుమానించిన బాక్సులో ఏ దోషమూ లేదు.

లోపాలూ ఉన్నాయి. వాన రోడ్డు మీద టైరు పట్టు తప్పుతుంటే పూర్వం అరచేతికి తెలిసేది, ఇప్పుడు తెలియదు. నింపిన కొత్తలో నూనెలో గాలి చేరి పంపు మూలిగింది. ముందు చక్రాలు పైకెత్తి, ఇంజిన్ వేయకుండా నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే పోయింది. ప్రెజర్ గొట్టం ఇప్పటికి ఒకసారి మార్చాను, రెండోది కూడా కొస దగ్గర చెమర్చడం మొదలుపెట్టింది. గరాజులో దాని కింద అట్టముక్క వేసి ఉంచుతున్నాను. మా ఆవిడ మాత్రం ఎనిమిదేళ్ల కిందట ఈ బండి ఎక్కడానికే ఒప్పుకునేది కాదు. నిన్న మొక్కలు తేవడానికి తాళాలు అడగకుండానే తీసుకుని వెళ్లింది.