ఏనుగు బాగుంది, కార్డు చించి పారేయండి: మద్రాస్ రెజిమెంట్ షీల్డు

మా బాబాయ్ మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారుగా చేసి రిటైరయ్యారు, ఆయన పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో రెజిమెంట్ చిహ్నం ఉన్న చెక్క షీల్డు తెప్పించాను. 1,450 రూపాయలు, ఐదు రోజుల్లో వచ్చింది. ప్యాకింగ్‌కి వంక పెట్టడానికి లేదు.

చెక్క బరువుగా ఉంది, ఇత్తడి పనితనం నేను అనుకున్నదానికంటే నయం. డాలు మీద ఏనుగు, అడ్డంగా దూసుకున్న రెండు కత్తులు. ఏనుగు చెవి మడతలు కూడా తెలుస్తున్నాయి.

చిరాకంతా దాంతో వచ్చిన కార్డుతోనే. "ఏనుగు ఐశ్వర్యానికి, శుభానికి గుర్తు" అని రాశారు! గృహప్రవేశానికి ఇచ్చే గజలక్ష్మి బొమ్మనుకున్నారేమో. అది అస్సాయే ఏనుగు. 1803 సెప్టెంబర్ 23న ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర ఆర్థర్ వెల్లెస్లీ నాయకత్వంలో సింధియా, భోంస్లే సైన్యాలతో పోరాడిన కంపెనీ దళాల్లో మద్రాస్ సిపాయిలున్నారు, ఆ పోరాటానికి గుర్తుగా వచ్చిన ఏనుగు ఇది. ఆ వెల్లెస్లీయే తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయ్యాడు, రెజిమెంటల్ సెంటర్ ఉన్న నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి ఆ పేరు ఆయన బిరుదు నుంచే వచ్చింది. అప్పుడు ఎదుటి పక్షంలో ఉన్న మరాఠాల పేరుతో ఇప్పుడు మన సైన్యంలోనే మరాఠా లైట్ ఇన్‌ఫంట్రీ ఉంది. ఇద్దరూ ఒకే జెండా కింద నిలబడుతున్నారు, ఏనుగు మాత్రం తంబీల దగ్గరే ఉండిపోయింది. (మద్రాస్ రెజిమెంట్ జవాన్లని సైన్యంలో తంబీలనే పిలుస్తారు.) ఇంత కథ ఉన్న బొమ్మకి ఐశ్వర్యం అని రాస్తే మండదా మరి?

రెండోది, కింద దేవనాగరిలో చెక్కిన రెజిమెంట్ నినాదం, "స్వధర్మే నిధనం శ్రేయః". గీత మూడో అధ్యాయంలోది, తన ధర్మంలో ఉండి చావడమే మేలు అని. చెక్కినవాడు చివర విసర్గ వదిలేశాడు. నేనైతే గమనించేవాణ్నే కాదు, బాబాయ్ కళ్లజోడు పెట్టుకోకుండానే పట్టేశారు. ఏళ్ల తరబడి రోజూ చూసిన అక్షరాలు కదా.

అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే మర్యాదగానే మాట్లాడారు, వెనక్కి పంపితే డబ్బులిచ్చేస్తామన్నారు. నేను సరేనన్నాను గానీ బాబాయ్ ఒప్పుకోలేదు, అప్పటికే హాల్లో మేకు కొట్టి తగిలించేశారు. "ఏనుగు సరిగ్గానే ఉంది కదరా, రెండు చుక్కలకి దాన్నెందుకు పంపిస్తావ్?" అని మార్కర్ తెచ్చి విసర్గ ఆయనే పెట్టుకున్నారు. కాస్త వంకరగా పడింది.

పనితనానికి నాలుగు స్టార్లు, కార్డు వల్ల ఒకటి కోశాను. కొనేవాళ్లు నినాదం ఫొటో పంపమని ముందే అడగండి.